నలభై బకెట్ల కొలను

నా సర్వీసు మొత్తంలో పై అధికారితో 'ఇది నా వల్ల కాదండీ' అన్న సందర్భం ఒకే ఒక్కటి. అది ఏ పెద్ద మోటారు దగ్గరో, హైటెన్షన్ లైను దగ్గరో కాదు, ఒక చిన్న కొలను దగ్గర. ఇంట్లో కూర్చుని ఫోన్ మీద వేలు ఆనించి పొలంలో మోటారు ఆపేస్తున్న ఇప్పటి కుర్రాళ్ళకి ఇదీ ఒక కథేనా అనిపించవచ్చు. అయినా చెబుతాను. మనిషి చేసే పనిని యంత్రానికి అప్పజెప్పే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దాన్ని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నేర్చుకున్న తీరు కూడా అంత గౌరవంగా ఏమీ లేదు.

తొంభైల చివరి మాట. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఒక స్పిన్నింగ్ మిల్లు. అందులో నేను ఎలక్ట్రీషియన్‌ని. పేరుకి ఎలక్ట్రీషియన్‌నే గానీ నా కాపురమంతా హ్యుమిడిఫికేషన్ ప్లాంటులోనే. గాలి పొడిబారితే మిషన్ల మీద నూలు తెగిపోతుంది. అందుకని పెద్ద తొట్టిలో నీళ్ళు పెట్టి, పంపులతో సన్నటి జల్లుగా గాలిలోకి కొట్టి, ఆ తడిగాలిని లోపలికి పంపుతారు. ఆ పంపులు, ఆ జల్లు, ఆ తొట్టి నా బాధ్యత. ప్రతి శనివారం తొట్టి అడుగునున్న వాల్వు తిప్పి పాత నీళ్ళు వదిలేసి, కొత్తవి నింపేవాణ్ణి. ఈ శనివారం సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

మిల్లు ఆఫీసు ముందు చిన్న తోట, తోట మధ్యలో జీడిపప్పు ఆకారంలో ఒక సిమెంటు కొలను. మోకాలి పైదాకా లోతు. అందులో కలువలు, ఎర్రచేపలు. కొలనుకీ తోటకీ కలిపి ఒకే మనిషి. దర్శి వైపు నుంచి వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో వలస వచ్చినావిడ. యాభై దాటి ఉంటాయి. మిల్లు మొత్తానికీ ఆమె పిన్ని. మేనేజరు గారు ఒక్కరే 'ఏమ్మా' అనేవారు.

నాకో జబ్బుంది. ఎవరైనా ఒకే పనిని రోజూ చేస్తుంటే చూస్తూ ఊరుకోలేను. నేను ఎనిమిదింటికి డ్యూటీకి వచ్చేసరికి పిన్ని కొలను గట్టు మీద కూర్చుని ఉండేది. పక్కన బోరు పైపు మీది వాల్వు తెరిచి ఉండేది. బోరు నీళ్ళు కొలనులోకి పడుతుండేవి. లోపలి గోడ మీద ఆమె గీసుకున్న గీత ఒకటుంది. నీళ్ళు గీత దాకా వచ్చాక వాల్వు కట్టేసి లేచేది. గంట పైన పట్టేది. ఇంత చిన్న కొలనుకి రోజూ గంటసేపు నీళ్ళా అని నాకు మహా ఆశ్చర్యంగా ఉండేది. ఎండకి ఎంత ఆవిరైపోతోందో అని లెక్కలు వేసుకునేవాణ్ణి. అడుగున పగులేమైనా ఉందా అని చుట్టూ మట్టి తవ్వి చూశాను. ఎక్కడా తడి లేదు. ఆఖరికి ఆ లైనుకి ఒక వాటర్ మీటరు కూడా బిగించాను. వారం రోజులు రీడింగ్ రాసుకున్నాను. రోజుకి దాదాపు ఒకే లెక్క వచ్చేది.

మేనేజరు గారు ఒకరోజు నన్ను ఆ మీటరు దగ్గర వంగి ఉండగా పట్టుకున్నారు.

"ఏంటయ్యా, ప్లాంటు వదిలేసి చేపలతో మాట్లాడుతున్నావు?"

"ఏం లేదండీ. ఈ కొలను దానంతటదే నిండేట్టు చెయ్యొచ్చండి. ట్యాంకుల్లో తేలే బంతి వాల్వు ఉంటుంది చూడండి, అలాంటిది ఒకటి పెడితే చాలు. మనిషి కూర్చోక్కర్లేదు."

ఆ చివరి మాట నేను గొప్ప కోసం అన్నాను. ఆయన దాన్నే పట్టుకున్నారు.

"సరే, పెట్టు" అన్నారు.

అంతే, పది రోజులపాటు నాకు పండగ. ఇప్పుడు తలుచుకున్నా ఆ పది రోజులు బాగానే ఉంటాయి, ఎందుకు అబద్ధం చెప్పాలి. మొదట ప్లాస్టిక్ బంతి ఉన్న ఫ్లోట్ వాల్వు తెచ్చి నేరుగా కొలనులోనే బిగించాను. మర్నాడు వచ్చేసరికి కొలను పొంగి తోటంతా బురద. వాల్వులో తప్పేమీ కనపడలేదు. గట్టెక్కి కాపలా కాశాను. గంట తర్వాత ఒక కాకి వచ్చి తీరిగ్గా ఆ బంతి మీద వాలింది. కాకి బరువుకి బంతి మునిగింది, వాల్వు తెరుచుకుంది. కాకి చక్కగా ధార కింద ముక్కు పెట్టి నీళ్ళు తాగింది. తాగాక కూడా పోలేదు, చల్లగా ఉందేమో అక్కడే కూర్చుంది.

మా పైపుల ఫిట్టరు ఒకడున్నాడు, పెదకాకాని వాడు, నా ఈడువాడే. కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఒరేయ్, కాకికి కుళాయి పెట్టించినోడివి నువ్వొక్కడివేరా జిల్లాలో."

దాంతో పంతం పెరిగింది. కొలను పక్కనే చిన్న ఇటుకల గూడు కట్టించాను. కొలను అడుగు నుంచి ఒక పైపుతో రెండింటినీ కలిపాం. కొలనులో నీళ్ళెంత ఎత్తుంటే గూడులోనూ అంతే ఎత్తు. వాల్వుని గూడులో పెట్టి పైన రాతిమూత వేశాం. గాలికి అలలు లేవు, కలువ కాడలు చుట్టుకోవు, కాకి గొడవ లేదు. పిన్ని గీసుకున్న గీతకే వాల్వుని సరిచేశాను. కొలనులో నీళ్ళు ఆ గీతని వెంట్రుకవాసి కూడా తప్పేవి కావు.

పిన్ని ఆ పనంతా చీపురు పట్టుకుని నిలబడి చూసింది. ఆఖరి రోజు దగ్గరికొచ్చింది.

"పోసేది అది పోస్తది, సరే అబ్బాయ్. మరి..."

"మరేం లేదు పిన్నీ. ఇక నువ్వు దీని మొహమే చూడక్కర్లేదు, అంతా అదే చూసుకుంటుంది" అన్నాను. చేతిలో రెంచి ఉన్నవాడు ఎదుటివాడి మాట పూర్తిగా వినడు. నేనైతే వినలేదు.

వారం తర్వాత మీటరు చూస్తే నాకే మతిపోయింది. పిన్ని నింపిన రోజుల్లో పోయిన నీళ్ళలో ఇప్పుడు నాలుగో వంతు కూడా పోవడం లేదు. మళ్ళీ మళ్ళీ చూశాను. మీటరు బాగానే ఉంది. కొలను నిండుగానే ఉంది. కాగితం పట్టుకుని పరుగున మేనేజరు గారి గదికి వెళ్ళాను. మిగతా నీళ్ళు ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయాయి అని నన్ను నేను అడగలేదు. నా వాల్వు అంత గొప్పది అనుకున్నానంతే.

ఆయన మాత్రం అడిగారు.

"అంటే ఇన్నాళ్ళూ ఆవిడ వాల్వు తెరిచిపెట్టి కబుర్లు చెప్పుకుంటోందన్నమాట."

నేను కాదనలేదు. అవునని కూడా అనలేదు. కాగితం బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను. ఆ వారంలోనే పిన్నిని వేస్టు గోడౌనుకి మార్చారు. మిషన్ల కింద రాలిన దూదిని కుప్పలు పోసి ఏరే చోటు అది. అక్కడ గాలిలో ఎప్పుడూ నుసి ఎగురుతూ ఉంటుంది. మొక్కలకి ట్యూబుతో నీళ్ళు పట్టే పని గేటు వాచ్‌మన్‌కి అప్పజెప్పారు. పిన్ని ఎవరినీ ఏమీ అనలేదు. నన్ను కూడా. అదే నాకు కొంచెం ఇబ్బందిగా ఉండేది, ప్లాంటులోంచి క్యాంటీనుకి గోడౌను వైపు నుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

మాఘమాసంలో వాల్వు పెట్టాం. ఎండలు ముదిరాక కలువ ఆకుల అంచులు మాడటం మొదలైంది. ఎండదెబ్బ అనుకున్నాం. తర్వాత కొలను అంచు చుట్టూ తెల్లగా పొర కట్టింది. సిమెంటు సరిగ్గా కలపలేదని మేస్త్రీని తిట్టాను. తర్వాత చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని తిరగసాగాయి. ఆ తర్వాత రోజుకి ఒకటీ రెండూ వెల్లకిలా తేలాయి.

నాకు నిద్ర పట్టలేదంటే ఎక్కువ చెప్పినట్టే, కానీ అన్నం సహించలేదు. నీళ్ళు నిండుగా ఉన్నాయి. గీత మీదే ఉన్నాయి. చేపకి ఇంకేం కావాలి? ఇత్తడి వాల్వు వల్లేమో అని తీసేసి ప్లాస్టిక్‌ది బిగించాను. తోటలో లైట్లకి వేసిన వైరు నుంచి కరెంటు దిగుతోందేమో అని కొలనులో టెస్టరు పెట్టి చూశాను.

"చేపలకి షాకు కొడతందేమో, ముందు నువ్వు దిగి చూడరా" అన్నాడు ఫిట్టరు.

మేనేజరు గారికి వేరే అనుమానం వచ్చింది. ప్రహరీ అవతల మిరపతోట ఉంది. ఆ రైతు కొట్టే పురుగుమందు గాలికి వచ్చి కొలనులో పడుతోందని వాచ్‌మన్‌ని కేకలెయ్యమని పంపారు. పది నిమిషాల్లో ఆ రైతు తుండు దులుపుకుంటూ నేరుగా ఆఫీసు మెట్ల దగ్గరికే వచ్చాడు.

"ఏందండీ, నేను మందు కొడుతున్నానా? తోట దున్నేసి నెల దాటింది. కాయంతా కల్లంలో ఎండతంది. దున్నిన చేలో ఏ పురుక్కి కొట్టాలండీ మందు? రండి, గోడెక్కి చూడండి."

నిజంగానే గోడెక్కి చూశాం. ఎర్రటి కల్లం తప్ప పచ్చటి ఆకు ఒక్కటి లేదు. మేనేజరు గారు ఆయనకి కాఫీ తెప్పించి పంపారు.

అలాంటి రోజుల్లో ఒక శనివారం. గోడౌనులో ఎగ్జాస్టు ఫ్యాను ఆగిపోయిందని కబురొచ్చింది. నేను తప్ప ఎవరూ లేరు, వెళ్ళక తప్పింది కాదు. నిచ్చెనెక్కి ఫ్యాను విప్పుతుంటే కింద ఎవరో దగ్గుతున్నారు. ఆగి ఆగి, ఊపిరి అందుకుని మళ్ళీ దగ్గు. చూస్తే పిన్ని. ముక్కుకి చీరకొంగు కట్టుకుంది. కనుబొమ్మల మీద దూది నుసి. రెండు నెలల్లో మనిషి సగమైంది. నన్ను చూసి కొంగు తీసి నవ్వింది.

"నా చేపలు ఎట్టున్నాయి అబ్బాయ్?"

నిచ్చెన మీద ఉండి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "పోతున్నాయి పిన్నీ. సగం పోయాయి. ఎందుకో అంతుబట్టడం లేదు" అన్నాను.

ఆమె చేతిలో దూది కింద పెట్టింది.

"రోజుకెన్ని తోడతన్నారు?"

"తోడేదేంది?"

"పాత నీళ్ళు అబ్బాయ్. తెల్లారగట్టే నలభై బకెట్లు తోడి మొక్కలకి పోసేదాన్ని. ఆ తర్వాతేగా కొత్తవి వదిలేది. నువ్వొచ్చేటప్పటికి తోడటం అయిపోయేది. ఎవురూ తోడట్లా?"

"లేదు."

"ఓరి నాయనో" అంది మెల్లగా. "ఆ రోజు చెప్పబోయాను గదా నీకు. మా ఊళ్ళో గేదెల తొట్టికి కూడా ఇంతే. బోరు నీళ్ళు పైపైన పోసుకుంటా పోతే నాలుగు రోజులకి గేదె మూతి పెట్టదు. సగం పారబోసి పొయ్యాల. ఎండ తీసుకుపోయేది ఉత్త నీళ్ళే అబ్బాయ్. ఉప్పుని తీసుకుపోద్దా?"

నేను నిచ్చెన దిగాను. ఫ్యాను సంగతి ఆ రోజు సాయంత్రం దాకా ఎవరికీ గుర్తులేదు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఇద్దరం కొలను దగ్గరికి వెళ్ళాం. పిన్ని గట్టు మీద కూర్చుని దోసిట్లో నీళ్ళు తీసి నాలుక ఆనించి పక్కకి ఉమ్మేసింది. నన్నూ చూడమంది. చూశాను. ముందు ఉప్పు, వెనకాల చేదు. ఆ రుచి నాకు తెలుసు. ఎక్కడిదా అని ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది. ఆ రోజు శనివారం. మధ్యాహ్నం నుంచి నేను చెయ్యాల్సిన పని ఏంటంటే, ప్లాంటు తొట్టి అడుగు వాల్వు తిప్పి పాత నీళ్ళు వదిలెయ్యడం. ఎందుకు వదులుతామో కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠం చెప్పేవాణ్ణి. నీళ్ళు గాలిలో కలిసిపోతాయి, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది, వదలకపోతే జల్లు కొట్టే రంధ్రాల చుట్టూ తెల్లగా పొర కడుతుంది అని. ప్రతి వారం ఆ పొర గీకేది కూడా నేనే. ఆ పొరనే కొలను అంచు మీద చూసి మేస్త్రీని తిట్టాను.

ఇన్నేళ్ళుగా వారానికోసారి చేతులతో చేస్తున్న పని, యాభై గజాల దూరంలో ఉన్న కొలనుకి కూడా వర్తిస్తుందని తట్టలేదు. ప్లాంటులో అది టెక్నికల్ పని. కొలను దగ్గర అది ఒక ఆడమనిషి బకెట్లతో చేసే పని. నా బుర్రలో రెండూ వేర్వేరు అరల్లో ఉన్నాయి. సిగ్గనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఫిట్టరుని తోడు తీసుకుని మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాను. పిన్ని బయట మెట్ల దగ్గర నిలబడింది. కిటికీలోంచి ఆమె దగ్గు వినపడుతూనే ఉంది. జరిగిందంతా చెప్పాను.

"అంటే ఆవిడ నీళ్ళు పారబొయ్యలేదా?"

"లేదండీ. మొక్కలకే పోసింది. మీటరు చెప్పింది నిజమేనండి. నేను దాన్ని చదవడంలోనే తప్పుంది. ఆమె రోజూ రెండు పనులు చేసేది, తియ్యడం, పొయ్యడం. నేను పొయ్యడం ఒక్కటే చూశాను. చేపల్ని చంపింది నేనండీ."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టారు. మంచివాడే, కానీ మేనేజరు.

"పోనీలేవయ్యా, తెలిసిందిగా. అడుగున ఇంకో వాల్వు పెట్టెయ్. రోజూ పొద్దున దానంతటదే తెరుచుకుని కాసిని నీళ్ళు మొక్కల్లోకి వదిలి మూసుకునేట్టు. నీకెంతసేపు?"

ఆయన ఆ మాట పూర్తిచేసే లోపే నా బుర్రలో బొమ్మ తయారైపోయింది. గూడుని కొలనుతో కలిపే పైపు ఉండనే ఉంది. దాన్ని రెండుగా చీల్చే టీ జాయింటు ఒకటి, కరెంటుతో తెరుచుకునే వాల్వు ఒకటి, స్టోర్సులో దుమ్ము పట్టి ఉన్న టైమరు. మొక్కల దాకా చిన్న కాలవ. ఒక పూట పని. చెయ్యాలని వేళ్ళు జివ్వుమన్నాయి, నిజం చెబుతున్నాను. అది పెడితే కొలను బాగుపడుతుంది, చేపలు బతుకుతాయి, నా పేరు నిలబడుతుంది. పిన్ని మాత్రం గోడౌనులోనే ఉంటుంది.

బయట మళ్ళీ దగ్గు.

"అది నా వల్ల కాదండీ" అన్నాను.

పక్కన ఫిట్టరు నా వంక తిరిగి చూశాడు. వాడికి తెలుసు. స్టోర్సులో ఆ టైమరుని నాకు చూపించిందే వాడు. ఒక్క క్షణం నోరు తెరిచాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"అవునండీ" అన్నాడు. "అడుగున వాల్వంటే సిమెంటు పగలగొట్టాలండి. ఒకసారి పగిలిందంటే ఇక నీళ్ళు ఆగవండీ."

మేనేజరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"కాకి కోసం గూడు కట్టినవాళ్ళు మీరేనా? మీకు చేతకాని పని కూడా ఉందన్నమాట" అన్నారు. నమ్మారో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. గంట కొట్టి అటెండరుని పిలిచి, పిన్నిని సోమవారం నుంచి తోటలోకి మార్చమని చెప్పారు.

పిల్లలూ, మీరు నాకన్నా తెలివైనవాళ్ళు, మీ సామాను కూడా మంచిది. నేను చెప్పేది ఒకటే. ఒక మనిషి చేసే పనిని యంత్రానికి ఇచ్చే ముందు, తెల్లవారకముందే వెళ్ళి ఆ మనిషి పక్కన ఒక రోజు కూర్చోండి. మీకు కనపడేది వాళ్ళ పనిలో సగమే కావచ్చు.

నేను అలా కూర్చున్నది ఆ సోమవారం. ఆ మిల్లులో చేరిన తర్వాత మొదటిసారి పొద్దున్నే ఐదున్నరకల్లా వెళ్ళాను. పిన్ని అప్పటికే కొలనులో దిగి ఉంది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, మాడిన కలువ ఆకులు తెంపి గట్టు మీద వేస్తోంది. దగ్గు తగ్గలేదు. రాతిమూత తీసి నా వాల్వుని చూసింది.

"దీన్ని తియ్యొద్దులే. పోసేది అది పోస్తది, తోడేది నేను తోడతా" అంది.

తల ఊపాను. ఆమె ఆ గూడు లోపలికి, కొలనుకి వెళ్ళే పైపు వైపు వంగి చూస్తూ ఉండిపోయింది.

"అబ్బాయ్, ఈ పైపుకి ఇంకో కుళాయి పెడితే పాత నీళ్ళు వాటంతటవే పోతాయిగా?"

నేను రాతిమూత మీది మట్టి దులుపుతున్నాను.

"పోతాయా, పోవా?"

"పోతాయి పిన్నీ."

"మరి పెట్టలేదే?"

"నాకు రాదు."

ఆమె తల ఎత్తి నా మొహంలోకి చూసింది. చాలాసేపే చూసింది. నీళ్ళలో తేలుతున్న బకెట్టు అందుకుని, గట్టు మీదికి వచ్చి, నా చేతికి ఇచ్చింది.

"ఇదన్నా వచ్చా?" అంది. "అయితే తోడు."

ఆ రోజు నలభై బకెట్లూ నేనే తోడాను.